పబ్లిక్‌గా రాసిందే కదా!

తెలుగులో ఒక్క అక్షరం రాని సహోద్యోగి, నేను పరిశోధనా వ్యాసంలో ఉదహరించబోతున్న తెలుగు పోస్టు ఎవరు రాశారో అర నిమిషంలో పట్టేశాడు. పరిశోధనలో నైతికత చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ నుంచి నా దరఖాస్తు వెనక్కొచ్చింది, ఆ ప్రొఫైల్ లింకుతో సహా. ఇంగ్లండులో చీవాట్లకైనా మర్యాద లోటుండదు. కాకపోతే అనుమతి వచ్చేదాకా డేటా, అంటే నెట్‌లో జనం రాసే పోస్టులూ కామెంట్లూ, ముట్టుకోవడానికి లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా దొరికే పరిశోధన కాలం కాస్తా ఈ ఉత్తరప్రత్యుత్తరాల్లోనే కరిగిపోతుంది. సెప్టెంబరు చివర క్లాసులు మొదలయ్యాయంటే ఇక పాఠాలు, పేపర్లు దిద్దడమే.

పబ్లిక్‌గా రాసిందే కదా అని మనకు అనిపిస్తుంది. మన పత్రికల్లో పాఠకుల ఉత్తరం కింద పేరూ ఊరూ వేస్తారు, వేయకపోతేనే అలుగుతారు. ఇక్కడి లెక్క వేరు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం యూకే జీడీపీఆర్ ప్రకారం అందరికీ కనపడేలా రాసినా అది వ్యక్తిగత డేటాయే. అందులో రాజకీయ అభిప్రాయమో, మతమో, ఆరోగ్యమో ఉంటే 9వ అధికరణం కింద కట్టడి ఇంకా ఎక్కువ. సినిమా ట్రైలర్ కింద కూడా పార్టీల గొడవలు పడే జాతికి ఇది ఎంత ఇరకాటమో వేరే చెప్పాలా?

మనవాళ్ళు మరీ తేలిగ్గా దొరికిపోవడానికి కారణం ఇంగ్లిషు అక్షరాల్లో రాసే తెలుగు. దానికి స్పెల్లింగు నియమం లేదు. ‘నువ్వు’ రాయడానికి ఒకరు ఐదు అక్షరాలు వాడితే ఇంకొకరు రెండింటితో సరిపెడతారు. పది మాటల వాక్యమైతే ఆ స్పెల్లింగుల కలయిక నెట్ మొత్తంలో ఆ ఒక్కచోటే ఉండొచ్చు. కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికితే ఎక్స్, రెడిట్ పోస్టులు చాలాసార్లు నేరుగా వచ్చేస్తాయి. యూట్యూబ్ కామెంట్లు గూగుల్లో అంత సులువుగా రావు గానీ, వ్యాసంలో వీడియో పేరు రాశామంటే దారి చూపించినట్టే. పేరు కొట్టేసినంత మాత్రాన సరిపోదు. 2008లో పేర్లు తీసేసి విడుదల చేసిన ఒక ఫేస్‌బుక్ డేటా, హార్వర్డ్ విద్యార్థులదని బయటివాళ్ళు కొద్ది రోజుల్లోనే తేల్చేశారు.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వాక్యం తిరగరాసి, మళ్ళీ వెతికి, అసలు పోస్టు రాకుండా పోయేదాకా మార్చడం ఒకటి. ఇంటర్నెట్ పరిశోధకురాలు అనెట్ మార్కమ్ 2012లో వాదించినట్టు, పలువురి మాటల్ని కలిపి ఒక కల్పిత ఉదాహరణ అల్లడం ఇంకొకటి. రాసినవాళ్ళనే అనుమతి అడగొచ్చు. కాకపోతే విదేశీ యూనివర్సిటీ పేరుతో వచ్చే మెసేజ్ మనవాళ్ళకు మోసంలాగే కనిపిస్తుంది, లేదా వీసా సంగతి అడుగుతారు.

తిరగరాయడమే నాకు మింగుడుపడదు. యాస, ప్రాస, వెటకారం తీసేశాక ఆ కామెంటులో మిగిలేదేమిటి? పిచ్చాపాటీగా వాగిన కుర్రాణ్ణి దాచాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ లక్షల మంది చూసే మీమ్ పేజీ నడిపేవాడు రచయితే, పేరు తీసేస్తే అతని పనిని దొంగిలించినట్టు. ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా ఒకే సూత్రం అందరికీ రుద్దవు, సందర్భాన్ని బట్టి తేల్చుకోమంటాయి. దరఖాస్తులో ఈ రెండు రకాలనూ విడివిడిగా రాసి, దేనికి ఏం చేస్తామో చెబితే కమిటీలు వింటాయి. ‘అంతా పబ్లిక్కే’ అని ఒక్క ముక్కలో తేలిస్తేనే తిప్పి పంపుతాయి.

అనుమతి వచ్చాక సాంకేతికమైన చిక్కులు. ప్రోగ్రాముతో కామెంట్లు తెచ్చుకోవడానికి యూట్యూబ్ పెట్టిన దారి ఏపీఐ. అది మామూలుగా రోజుకు 10,000 యూనిట్ల కోటా ఇస్తుంది. ఒక్కో సెర్చ్‌కు 100 పోతాయి, కామెంట్లయితే ఒక్క యూనిట్‌కే 100 దాకా వస్తాయి. అందుకని వీడియోల జాబితా చేత్తో తయారుచేసుకుని, కోటాను కామెంట్లకు మిగుల్చుకోవడం నయం. కామెంటుతో పాటు వచ్చే జవాబులు కొన్నే, మిగతావి విడిగా అడగాలి. మన దగ్గర అసలు కొట్లాటంతా జవాబుల్లోనే కాబట్టి ఆ మెట్టు వదిలేస్తే విశ్లేషణ బోలుగా తేలుతుంది. యూట్యూబ్ షరతు ప్రకారం తెచ్చుకున్న డేటాను 30 రోజుల్లో తాజా చేయాలి, లేదా తుడిచేయాలి. ఈలోగా ఎవరైనా తమ కామెంటు తీసేసుకుంటే మన దగ్గరా పోతుంది, అది న్యాయమే. కోటా పసిఫిక్ కాలమానం అర్ధరాత్రికి మళ్ళీ నిండుతుంది. ఇక్కడ దాదాపు ఏడాదంతా అది ఉదయం 8 గంటలు, కాబట్టి 9 గంటల క్లాసుకు వెళ్ళేలోపు కామెంట్లు తెచ్చే స్క్రిప్టు నడిపించేసుకోవచ్చు.