వెస్ట్ మాంబళంలో మా పాత అపార్ట్‌మెంటుకు లిఫ్టు పెట్టించాం

మద్రాసులో ఎనభైల్లో, తొంభైల్లో కట్టిన చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు. వెస్ట్ మాంబళంలో మాదీ అలాంటిదే. కింద రెండు ఇళ్లు, పైన మూడంతస్తులు. కొనుక్కున్నప్పుడు అందరూ వయసులో ఉన్నవాళ్లే. ఇప్పుడు మూడో అంతస్తులో ఉన్న మా అమ్మ, మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక కిందికి దిగడమే మానేసింది. గుడి లేదు, కూరగాయల బేరం లేదు. అది చూడలేక మొదలుపెట్టాను.

లిఫ్టు కంపెనీ మనిషి వచ్చి, మెట్ల మలుపు దగ్గర బయటి గోడకు ఆనించి కడితే తక్కువలో అయిపోతుందన్నాడు. మలుపంటే రెండంతస్తుల నడుమ. అక్కడ దిగితే ఇంటికి ఇంకా తొమ్మిది మెట్లు. "తొమ్మిదే కదండీ" అన్నాడు. వాకర్ పట్టుకున్న మనిషికి తొమ్మిదైనా తొంభైయైనా ఒకటే! వరండా చివర జాలీ గోడ కొట్టేసి అక్కడ పెడితే నేరుగా గుమ్మం ముందే దిగొచ్చు. కానీ సరిగ్గా దాని కిందే సంపు. లిఫ్టు గొయ్యి తవ్వాలంటే సంపును ముందు వైపుకు మార్చాలి. ఖర్చు పెరిగినా నేను పట్టు వదల్లేదు.

అసలు కష్టం సంతకాల దగ్గర వచ్చింది. "నాకు లిఫ్టు ఎందుకమ్మా? పైగా కరెంటు రేటు పెరుగుతుంది" అన్నారు కింది ఇంటి మామ. ఆయన మాటలో న్యాయముంది. పది ఇళ్లకు, మూడంతస్తులకు మించని, లిఫ్టు లేని అపార్ట్‌మెంట్లకు కామన్ కరెంటును 2023లో తమిళనాడు ప్రభుత్వం యూనిట్ 5.50 రూపాయలకు తగ్గించింది. లిఫ్టు పెడితే మెట్ల లైట్లకూ, నీళ్ల మోటారుకూ కూడా ఆ రాయితీ పోతుంది. అందుకని లిఫ్టుకు సబ్‌మీటరు పెట్టి, ఆ బిల్లూ, పెరిగిన రేటు తేడా కూడా పైవాళ్లమే భరించాలని తేల్చాం. కింది ఇళ్లకు లిఫ్టు ఖర్చులో వాటా లేదు, కొత్త సంపులో మాత్రం అందరిదీ సమానం. పైకి వెళ్లేకొద్దీ వాటా ఎక్కువ. రేపు ఫ్లాటు చేతులు మారినా గొడవ రాకుండా అంతా స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. మామ సంతకం పెట్టేశారు.

ఇక్కడ 1997 నాటి లిఫ్టుల చట్టం ఉంది. బిగించే ముందు అనుమతి, బిగించాక తనిఖీ, లైసెన్సు చేతికొచ్చాకే నడపాలి. ఈ తిరుగుళ్లన్నీ కంపెనీయే చూసుకోవాలని ఒప్పందంలో రాయించండి. తలుపు వెడల్పు కూడా. వీల్‌చైర్ పట్టేలా మేం 900 మిల్లీమీటర్లు అడిగి పెట్టించుకున్నాం. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఏర్పాటు తప్పనిసరిగా తీసుకోండి, దాంట్లో పొదుపు వద్దు.

అమ్మ ఇప్పుడు రోజూ సాయంత్రం గుడికి వెళ్తోంది. మొన్న ఎదురు అపార్ట్‌మెంటు వాళ్లు మా లిఫ్టు చూసి వెళ్లారు. వాళ్లకూ మెట్ల మలుపు దగ్గరే పెడతామంటున్నారట. ససేమిరా ఒప్పుకోవద్దని చెప్పి, మా ఇంజనీరు నంబరిచ్చి పంపాను.