పిచ్చుక వాటా

భోగి నాడు మా ఇంటికి మొదటి శుభాకాంక్షలు అర్ధరాత్రి పన్నెండున్నరకే వస్తాయి. మెల్‌బోర్న్‌లో అప్పటికి ఉదయం ఆరు. మా అమ్మాయి ముగ్గు వేసి, ఫొటో తీసి, "లేవండి, లేవండి" అని రాసి పెడుతుంది. మేం చీకట్నే లేచి పిడకల దండ మంటలో వేసే వేళకి డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఇంకా ముందురోజు సాయంత్రమే. వాడి పండగ మొదలయ్యేసరికి మేం మూకుళ్ళు కడిగి బోర్లించేసి ఉంటాం. 2024లో మాత్రం వాడు మమ్మల్ని దాటేశాడు. ఆ ఏడు సూర్యుడు మకరంలోకి అడుగుపెట్టింది మనకి జనవరి 15 తెల్లవారుజామున, మూడు కావడానికి కాస్త ముందు. అమెరికాలో అప్పటికి పద్నాలుగు మధ్యాహ్నం. మేం పదిహేనున చేసుకున్నాం, వాడు పద్నాలుగునే చేసుకుని "అత్తయ్యా, తేదీలో నేనే ముందు" అని ఒకటే గొప్ప. సంక్రమణ ఘడియ భూమి మొత్తానికీ ఒక్కటే. ఎవరి గడపలో అది ఏ వేళకి వచ్చి పడుతుందన్నదే తేడా.

ఇక ఆ మూడు రోజులూ ఫోన్ నిండా గొబ్బెమ్మలూ, గంగిరెద్దులూ, చెరుకుగడలూ. ఒకే బొమ్మ నాలుగు దేశాల నుంచి వస్తుంది. విసుక్కునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు విసుక్కోవడం లేదు గానీ, ఒక సంగతి మాత్రం గుర్తొస్తూ ఉంటుంది. మా చిన్నప్పుడు సంక్రాంతికి శుభాకాంక్షలు చెప్పుకోవడం మేం ఎరగం. కనుమ మర్నాడు ఎవరైనా ఎదురైతే "పండగ బాగా జరిగిందా?" అని అడిగేవాళ్ళు, అంతే. ధన్యవాదాలు అన్న మాట సభల్లో ఆఖరున వినడమే. పంట ఇచ్చిన నేలకీ, వంగి కోసిన చేతులకీ నోటితో ఎవరూ కృతజ్ఞత చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవారు. లాభం, రెండు, మూడు... అలా కొలుస్తూ ఉండగానే కమ్మరికి, కుమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ఎవరి మేర వాళ్ళకి పక్కన పడేది. ఆ ఏర్పాటులో ఎక్కువతక్కువలు లేవని అనను, చాలానే ఉండేవి. మేర కోసం ఎండలో నిలబడ్డవాడికి అది మర్యాదగా అనిపించిందో, బిచ్చంలా అనిపించిందో వాడే చెప్పాలి. అయినా గాదె నిండకముందే వాటాలు తీయడమన్న పద్ధతి నా మనసులో ఉండిపోయింది.

వాటాల్లో అందరికంటే మొదటిది పిచ్చుకది. కోతల్లోనే మా నాన్నగారు నిండు కంకులు ఏరి పక్కన పెట్టించేవారు. వాటిని జడలా అల్లి, కుచ్చుగా కట్టి, ఒకటి గుళ్ళో, ఒకటి మా వీధి అరుగు మీద చూరుకి వేలాడదీసేవారు. పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజ వలుచుకుని, పొట్టు మా నెత్తిన రాల్చేవి. తర్వాత హరిదాసు వచ్చేవాడు. ఆయన అడగడు, మాట్లాడడు, నామమే పాడతాడు. పిల్లల దోసిలి అందేలా మోకాళ్ళ మీద కూర్చుంటే తలమీది అక్షయపాత్రలో బియ్యం పోసేవాళ్ళం. అడిగినవాడికి ఇవ్వడం ఒక ఎత్తు, అడగడం చేతకాని పిచ్చుకకి ముందే తీసి పెట్టడం ఇంకో ఎత్తు.

మా అమ్మాయికి ఆ కుచ్చంటే ప్రాణం. "అమ్మా, ఒకటి పంపవా, బాల్కనీలో కట్టుకుంటాను" అంది ఒక ఏడాది. తీరా కనుక్కుంటే పొట్టు తీయని ధాన్యాన్ని ఆ దేశంలోకి అలా రానివ్వరు. వాళ్ళ పంటలకి ఎక్కడ తెగులు అంటుకుంటుందోనని వాళ్ళ భయం. వాళ్ళ చేలు వాళ్ళు కాపాడుకుంటున్నారు, తప్పుపట్టలేం. భోగిమంటా కుదరలేదు. జనవరి అక్కడ నడివేసవి, ఎండలు ముదిరిన రోజున ఆరుబయట నిప్పు వెలిగించకూడదు. దేవుడి ముందు ప్రమిదే భోగిమంట అయింది. రేగుపళ్ళు దొరక్క మా మనవరాలి తలమీద చెర్రీపళ్ళు పోసి, తెల్ల గౌనంతా ఎర్రగా చేసి, ఆ ఫొటో కూడా పంపింది.

కుచ్చు పంపలేకపోయానన్న బాధలో ఉండగానే ఋగ్వేదంలోని మంత్రం ఒకటి మళ్ళీ చదివాను. పదో మండలం, 117వ సూక్తం, ఆరో మంత్రం. ద్రష్ట పేరే భిక్షువు, ఆంగిరసుడు.

మోఘమన్నం విందతే అప్రచేతాః
సత్యం బ్రవీమి వధ ఇత్స తస్య।
నార్యమణం పుష్యతి నో సఖాయం
కేవలాఘో భవతి కేవలాదీ॥

ఆలోచన లేనివాడికి అన్నం దొరికినా వృథాయే. నిజం చెబుతున్నాను, ఆ అన్నమే వాడి చావు. వాడు అర్యముణ్ణీ పోషించడు, స్నేహితుణ్ణీ పోషించడు. ఒక్కడే తినేవాడు, పాపంలోనూ ఒక్కడే. గీతలో మూడో అధ్యాయంలో "తమ కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటున్నారు" అని కృష్ణుడు అన్నది చాలామందికి తెలుసు. ఈ ఋషి అంతకంటే కటువు. "సత్యం బ్రవీమి" అని ఒట్టేసినట్టు చెప్పాడు. ఆకలి తెలిసినవాడు చెప్పినట్టే ఉంటుంది.

చాలాకాలం "కేవలాఘో భవతి కేవలాదీ" అన్న ఆఖరి పాదం దగ్గరే ఆగిపోయేదాన్ని. ఈమధ్యే మూడో పాదం మీద చూపు నిలిచింది. అర్యముడు, సఖుడు. ఈ ఇద్దరినే ఎందుకు చెప్పాడు? అర్యముడు మిత్రావరుణులతో కలిసి వచ్చే ఆదిత్యుడు, మనుషుల మధ్య బాంధవ్యాన్ని కాచే దేవుడు. గీత పదో అధ్యాయంలో "పితౄణామర్యమా చాస్మి" అన్నాడు భగవానుడు, పితృదేవతల్లో నేను అర్యముణ్ణి అని. అంటే నా లెక్క ప్రకారం ఈ పాదంలో వెనకటివాళ్ళూ ఉన్నారు, పక్కవాళ్ళూ ఉన్నారు. మనం సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. ఆ నాడు పెద్దలకి బట్టలు పెట్టి, తర్పణం వదిలి, ఆ తర్వాతే ఆకు వేస్తాం. వెనకటివాళ్ళ వాటా అది. మరి సఖుడు ఎవరు? ఎంత దూరం దాకా సఖుడు?

మా చేలో ఏళ్ళ తరబడి వేసింది స్వర్ణ, ఎం.టి.యు. 7029. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన వంగడం. నేపాల్లో, బంగ్లాదేశ్‌లో కూడా రైతులు దాన్ని పండిస్తారు. దాని కష్టమల్లా ముంపు. గోదావరి డెల్టాలో చేను రోజుల తరబడి నీళ్ళలో నానడం ఎవరికీ కొత్త కాదు. ఒడిశాలో పాతకాలపు వరి రకం ఒకటి నీళ్ళలో మునిగినా ఊపిరి బిగబట్టి బతికేది. ఆ గుణాన్నిచ్చే జన్యువుని గుర్తించే పనిలో అమెరికా శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో దాన్ని మన స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్-1 అదే, ఇంచుమించు రెండు వారాలు మునిగినా తట్టుకుంటుంది. ఏ ఒడిశా రైతు తాతముత్తాతలు ఆ మొండి విత్తనాన్ని ఏటేటా దాచి ఉంచారో వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. పొంగలి గిన్నె ముందు కూర్చుంటే సఖుడి వరస అలా పెరుగుతూ పోతుంది. అదే సూక్తంలో తర్వాతి మంత్రం "కృషన్నిత్ఫాల ఆశితం కృణోతి" అంటుంది. దున్నే నాగటికర్రే కడుపు నింపుతుందని. ఆ కర్రు మన ఊళ్ళోదే కానక్కర్లేదు.

ఈ మాట మా గోదావరి వాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడ స్నానం చేస్తూ చదివే శ్లోకం ఒకటుంది.

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః।
స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం॥

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కరువుకీ వరదకీ మధ్య నలిగిన డెల్టాకి అది కట్టించిన ఆర్థర్ కాటన్‌ని సంస్కృత ఛందస్సులోకి ఎక్కించి, మడి కట్టుకున్న పండితులు నదిలో నిలబడి తలుచుకున్నారు. శిస్తు పెరుగుతుందనే ఈస్టిండియా కంపెనీ డబ్బు పెట్టిందని అంటారు, అదీ నిజమే. అయినా నీళ్ళు తాగినవాడు నీళ్ళు తెచ్చినవాడి మతం, దేశం అడగలేదు. నాకు ఈ శ్లోకంలో ఉన్న లోటల్లా ఒకటే. రాళ్ళు మోసినవాళ్ళూ, కాలవలు తవ్వినవాళ్ళూ ఇందులో లేరు. ఆ లోటు మాత్రం తర్పణంలో తీరుతుంది. మావారు సంక్రాంతి నాడు పెద్దలందరి పేర్లూ గోత్రాలూ చెప్పి నీళ్ళు వదిలాక, చివర ఒక్కసారి పేర్లు లేకుండా వదులుతారు. తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ, నావాళ్ళనేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళందరూ, "తే సర్వే తృప్తిమాయాంతు" అని. కాలవ తవ్వినవాడూ, విత్తనం దాచినవాడూ ఆ దోసిలి కిందికి వస్తారని నేను అనుకుంటాను. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో పెద్దలే చెప్పాలి.

కిందటేడు అమ్మాయి ఫోన్లో ఒక మాట అంది. "మీకు ఉత్తరాయణం వస్తోందంటే సూర్యుడు నా దగ్గర్నుంచి వెళ్ళిపోతున్నట్టమ్మా. ఇక్కడ పగళ్ళు చిన్నవవుతున్నాయి." నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆకాశంలో ఆ మలుపు డిసెంబరు 21, 22 తేదీల్లోనే జరిగిపోతుందని, మన సంక్రాంతి మూడు వారాలకి పైగా వెనకబడిందని చదివాను గానీ, ఉత్తరాయణం ఒకరికి వస్తే ఇంకొకరి దగ్గర్నుంచి పోవాలన్నది నా బుర్రలోకి రాలేదు. ఆ సూక్తంలోనే ఐదో మంత్రంలో ఉంది, "ఓ హి వర్తంతే రథ్యేవ చక్రాన్యమన్యముప తిష్ఠంత రాయః" అని. సంపదలు రథచక్రాల్లా తిరుగుతూ ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి పోతుంటాయట. సూర్యుడు కూడా అంతేనన్నమాట. "నీ వేసవే మాకు పంపుతున్నావు కదే" అన్నాను. "పంపుతున్నాను, జాగ్రత్తగా వాడుకోండి, జూన్‌లో తిరిగిచ్చేయాలి" అంది నవ్వుతూ.

కుచ్చు లేదు, మంట లేదు, అక్కడ వరికోతలు లేవు. ఉన్నదల్లా అప్పుడే ముగిసిన వాళ్ళ గోధుమ కోతలు. ఏం చేసిందంటే, పొంగలి ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసి వండింది. పక్కింట్లో ఇటలీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చి, ఇది మా కోతల పండగ అని చెప్పిందట. సాయంత్రం ఆవిడే వచ్చి గిన్నె తిరిగిచ్చింది, నిండా పెరటి టమాటాలతో. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ నాకు చెప్పింది, నేను దీనికి చెప్పాను. ఆవిడకి ఎవరు చెప్పారో మరి. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు తప్పనిసరి. వాటి పక్కన ఆ టమాటాల పచ్చడి చేశానని ఫొటో పెట్టింది. ఆ మూడు రోజుల్లో వచ్చిన బొమ్మలన్నిటిలో నేను దాచుకున్నది అదొక్కటే.

మా చూరుకి కట్టిన కుచ్చుకి ఈ ఏడు పిచ్చుకలు నాలుగే వచ్చాయి. ఒకప్పుడు మంద దిగేది. గింజలు మిగిలిపోతాయేమోనని దిగులుపడ్డాను గానీ ఉడత ఒకటి చూరు పట్టుకుని దిగడం నేర్చుకుంది. కనుమ వెళ్ళిన నాలుగో రోజుకి గడ్డిజడ తప్ప ఏమీ లేదు. ఆ ఉత్త జడని ఫొటో తీసి ఇద్దరికీ పంపాను. డల్లాస్ నుంచి, "అత్తయ్యా, ఇదేంటి, చీపురా?" అని వచ్చింది. మెల్‌బోర్న్ నుంచి కాసేపటికి, "అన్నీ తినేశాయా అమ్మా?"

అన్నీ తినేశాయి అని రాశాను.