సాంబా ఫోల్డర్ తెరిస్తే ఆఫ్ కాని ల్యాప్‌టాప్: మూడు నిమిషాల జాప్యానికి కారణం దొరికింది

ఎట్టకేలకు దొరికింది. షట్‌డౌన్ నొక్కాక మా పాత ల్యాప్‌టాప్ మూడు నిమిషాలపాటు నల్లటి తెర మీద ఆగిపోవడానికి సర్వర్ కారణం కాదు, వై-ఫై డ్రైవర్ కూడా కాదు. నెట్‌వర్క్ కనెక్షన్ ఏ ఖాతా పేరు మీద భద్రమై ఉందన్నదే అసలు విషయం. ఇదే లక్షణంతో అవస్థపడుతున్నవారికి ఉపయోగపడుతుందని కొలతలతో సహా నమోదు చేస్తున్నాను.

సర్వర్ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్. దానికి సొంత పవర్ అడాప్టర్ ఉన్న 4 టెరాబైట్ల డిస్కు, దానిలోని ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచడానికి సాంబా అనే సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 అనే లినక్స్, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ నడుస్తున్నాయి. షేర్‌ను (పంచుకున్న ఫోల్డర్‌ను) ఎఫ్‌స్టాబ్ అనే డిస్కుల జాబితా ఫైలులో రాసి, దాన్ని మొదటిసారి తెరిచినప్పుడే మౌంట్ అయ్యేలా, అంటే ల్యాప్‌టాప్‌కు జతపడేలా, సేవలను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీలో ఆటోమౌంట్ పెట్టాను. ఫొటోలు, పాటలు, బ్యాకప్ అన్నీ సాఫీగా నడుస్తున్నాయి. ఇంటి సర్వర్‌కు డెబియన్ అంత నిలకడైనది మరొకటి లేదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక సమస్య. షేర్ తెరవకుండా ఆపితే ల్యాప్‌టాప్ 7 సెకన్లలో ఆఫ్ అయ్యేది. మా అమ్మాయి తన ఖాతాలో ఫొటోల ఫోల్డర్ తెరిచి, తర్వాత షట్‌డౌన్ నొక్కితే మాత్రం, ఒక పని ముగియడం కోసం ఎదురుచూస్తున్నట్లు తెర మీద ఒక వరుస, దాని పక్కన 1 నిమిషం 30 సెకన్ల గడువు కనిపించేవి. ఆ గడువు ముగిసినా యంత్రం ఆగేది కాదు. గడువు మరింత పొడిగించుకుని, మొత్తం 180 సెకన్లు దాటాక మాత్రమే ఆఫ్ అయ్యేది. సర్వర్ ఆ సమయమంతా ఆరోగ్యంగానే ఉండేది, ఫోన్ నుంచి అదే షేర్ తెరుచుకునేది.

నన్ను ఎక్కువ రోజులు తిప్పినది ఆ 180 అనే అంకెయే, ఎందుకంటే దానికి ఇద్దరు అనుమానితులు ఉన్నారు. సిస్టమ్‌డీ అన్‌మౌంట్ (షేర్‌ను విడదీయడం) కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఆ ప్రక్రియకు ముగించమని సంకేతం పంపుతుంది. మరో 90 సెకన్లు చూసి బలవంతంగా చంపే సంకేతం పంపుతుంది. రెండూ కలిపితే 180. మరోవైపు కెర్నెల్‌లో (లినక్స్ మూల భాగంలో) సాంబా షేర్లను చూసుకునే సిఫ్స్ భాగం సర్వర్ బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి 60 సెకన్లకొకసారి పలకరింపు పంపుతుంది. అలాంటి మూడు విరామాలపాటు జవాబు రాకపోతే సర్వర్ స్పందించడం లేదని తేల్చుకుంటుంది. అదీ 180యే. రెండింటిలో ఏది నడుస్తోందో తేల్చడానికి, ఎఫ్‌స్టాబ్ వరుసలో పలకరింపు విరామాన్ని 20 సెకన్లకు తగ్గించి, మిగతాదంతా యథాతథంగా ఉంచి మళ్లీ ఆపి చూశాను. జాప్యం 61 సెకన్లకు దిగింది. విరామాన్ని 10కి తగ్గిస్తే 32 సెకన్లయింది. అంటే గడియారం సిఫ్స్‌ది. ల్యాప్‌టాప్ దృష్టిలో సర్వర్ మాయమైంది, సర్వర్ మాత్రం అక్కడే ఉంది. కనుక మధ్యలోని దారి అన్‌మౌంట్‌కు ముందే తెగిపోయి ఉండాలి.

ఇక్కడే చిక్కుముడి బిగిసింది. నెట్‌వర్క్ షేర్లను ముందు అన్‌మౌంట్ చేసి, ఆ తర్వాతే కనెక్షన్లను నడిపే నెట్‌వర్క్‌మేనేజర్‌ను ఆపే వరుస సిస్టమ్‌డీలో ఉంది. సిఫ్స్ అన్నది నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ అని అది తనంతట తానే గుర్తిస్తుంది కాబట్టి, చాలామంది సూచించే, షేర్‌కు నెట్‌వర్క్ అవసరమని చెప్పే నెట్‌డెవ్ ఐచ్ఛికాన్ని అదనంగా చేర్చినా ఏ తేడా రాలేదు. ఈథర్‌నెట్ కేబుల్ పెట్టి, వై-ఫై కట్టేసి చూస్తే అదే ఖాతా నుంచి 7 సెకన్లలో ఆఫ్ అయింది. దాంతో వై-ఫై డ్రైవర్‌ను అనుమానించి వేరే చిప్‌సెట్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ పెట్టాను. జాప్యం తిరిగి వచ్చింది. నా ఖాతా నుంచి, అదే వై-ఫై మీద, అదే ఫోల్డర్ తెరిచి ఆపితే మాత్రం జాప్యమే లేదు! రెండు ఖాతాల తేడా బయటపడ్డాక దారి సుగమమైంది.

క్రితం బూట్‌కు చెందిన జర్నల్‌ను (సిస్టమ్ చిట్టాను) సెకన్ల భిన్నాలతో సహా తీసి రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టాను. మా అమ్మాయి ఖాతాలో సెషన్ ముగిసిన 0.3 సెకన్లకే వై-ఫై తెగినట్లు కెర్నెల్ నమోదు చేసింది. కారణం దగ్గర సంఖ్య 3 ఉంది, అంటే రూటర్ గెంటేయలేదు, ల్యాప్‌టాపే కావాలని వదిలేసింది. అన్‌మౌంట్ మొదలైనది 1.1 సెకన్ల దగ్గర, అంటే దారి మూసుకున్నాక. నా ఖాతాలో ఈ రెండు వరుసలూ తారుమారుగా ఉన్నాయి.

కారణం ఇది. నా ఖాతాకు నిర్వాహక హక్కులు ఉన్నాయి, మా అమ్మాయి ఖాతాకు లేవు. హక్కులు లేని ఖాతా నుంచి వై-ఫైకి కనెక్ట్ అయితే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కనెక్షన్‌ను ఆ ఒక్క వ్యక్తికే పరిమితం చేసి భద్రపరుస్తుంది. అలా పరిమితమైన కనెక్షన్ ఆ వ్యక్తి సెషన్ నడుస్తున్నంతసేపే బతికి ఉంటుందని దాని పత్రాల్లోనే స్పష్టంగా ఉంది. షట్‌డౌన్‌లో వాడుకరి సెషన్లు ముందు ముగుస్తాయి, నెట్‌వర్క్ షేర్లు ఆ తర్వాత అన్‌మౌంట్ అవుతాయి. సెషన్‌తోపాటే కనెక్షన్ పోతే, సాంబాకు వీడ్కోలు చెప్పడానికి అన్‌మౌంట్‌కు దారే ఉండదు. కేబుల్ కనెక్షన్ అందరికీ చెందినదిగా తయారవుతుంది కాబట్టి ఆ ఇబ్బంది దానికి రాలేదు. ఆటోమౌంట్ లేకుండా బూట్ సమయంలోనే మౌంట్ చేసే పద్ధతి ఉండి ఉంటే, లాగిన్‌కు ముందు నెట్‌వర్క్ లేదన్న సంగతి మొదటి రోజే తెలిసేది.

గ్నోమ్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ గుర్తింపు ట్యాబ్‌కు వెళ్లి, ఇతర వాడుకరులకు కూడా అందుబాటులో ఉంచే గడిలో టిక్ పెట్టి, నిర్వాహక పాస్‌వర్డ్ ఇచ్చాను. ఇప్పుడు ఏ ఖాతా నుంచైనా 8 సెకన్లలో ఆఫ్ అవుతోంది.

వెతుకులాటలో ఎదురైన రెండు ప్రసిద్ధ సలహాల గురించి చెప్పాలి. సిస్టమ్‌డీ గడువును మొత్తంగా 10 సెకన్లకు కుదించమన్నది మొదటిది. ఆ గడువు సొంత గడువు పెట్టుకోని సేవలన్నిటికీ వర్తిస్తుంది కనుక, ఒక షేర్ కోసం మిగతావాటి పీక నొక్కడాన్ని నేను ఒప్పుకోను. షట్‌డౌన్‌కు ముందు సోమరి అన్‌మౌంట్ నడపమన్నది రెండవది. అది ఫోల్డర్‌ను కంటికి కనిపించకుండా చేస్తుందే తప్ప, ఇంకా సర్వర్‌కు చేరని డేటా చేరిందన్న హామీ ఇవ్వదు. ఫొటోలు కాపీ అవుతుండగా అలా చేయడం ప్రమాదకరం. అంతకంటే, 60 సెకన్లపాటు ఎవరూ తాకకపోతే షేర్‌ను వదిలేసేలా ఆటోమౌంట్‌కు గడువు పెట్టడం మేలు. అది కూడా చేర్చాను. పలకరింపు విరామాన్ని తిరిగి 60కి మార్చేశాను, ఎందుకంటే బలహీనమైన వై-ఫై మీద చిన్న విరామం అనవసరపు రీకనెక్షన్లకు దారితీస్తుంది.

ఆగిపోయిన తెర వెనుక చూడటానికి సిస్టమ్‌డీ డీబగ్ షెల్ (ఆదేశాలు టైప్ చేసే తెర) ఎంతో ఉపయోగపడింది. తొమ్మిదవ కన్సోల్‌లో అది చివరి దశ దాకా బతికే ఉంటుంది. అన్‌మౌంట్ ప్రక్రియ చంపడానికి వీలులేని నిద్రలో ఉన్నట్లు అక్కడే చూశాను. పాస్‌వర్డ్ లేకుండా రూట్ (సర్వాధికార) హక్కులు ఇస్తుంది కాబట్టి పని కాగానే దాన్ని తీసేయాలి.

తర్వాత ఇదే ప్రయోగాన్ని, సాంబా లాగే ఫోల్డర్లను పంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌తో చేయబోతున్నాను. దాని సహజ స్థితి హార్డ్ మౌంట్, అంటే సర్వర్ దొరికేదాకా ప్రయత్నం మానదు. టీసీపీ మీద ఒక్కో ప్రయత్నానికి 60 సెకన్ల గడువు ఉంటుంది. కనెక్షన్‌ను మళ్లీ ఒక్క ఖాతాకే పరిమితం చేస్తే అక్కడ జాప్యం మూడు నిమిషాల దగ్గర ఆగదని నా అంచనా. కొన్ని ప్రయత్నాల తర్వాత మానేసే సాఫ్ట్ మౌంట్ పెడితే తొందరగా తేలుతుంది గానీ, రాస్తున్న ఫైలు సగంలో చెడిపోయే అవకాశం ఉంది కాబట్టి దాన్ని చదవడానికి మాత్రమే తెరిచే షేర్‌కే వాడతాను. ఆ తర్వాత సస్పెండ్ సంగతి చూడాలి. మూత వేసినప్పుడు కెర్నెల్ ప్రక్రియలన్నిటినీ స్తంభింపజేయడానికి 20 సెకన్లు ప్రయత్నించి, కుదరకపోతే సస్పెండ్‌నే రద్దు చేసుకుంటుంది. రూటర్ ఆగిపోయి ఉన్నప్పుడు మూత వేస్తే, షేర్ కోసం ఎదురుచూసే ఫైల్ మేనేజర్ ల్యాప్‌టాప్‌ను బ్యాగులో మెలకువగా ఉంచుతుందేమో కొలిచి రాస్తాను.