గోమార్ల ఉద్యోగం

మే నెల వచ్చిందంటే మా ల్యాబ్‌లో అందరి ప్యాంటు అంచులూ సాక్సుల్లోకి దూరిపోతాయి. పైన టేపు చుట్టుకుని, పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన బట్టలతో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు అడవుల్లోకి బయల్దేరతాం. పనిముట్టు ఒక్కటే, మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న తెల్ల ఫ్లానెల్ గుడ్డ. ఒక అంచుకు కర్ర, కర్రకు తాడు. రాలిన ఆకుల మీద దాన్ని నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడవాలి. కొన్ని అడుగులకోసారి ఆగి, గుడ్డ తిరగేసి, అంటుకున్న గోమార్లను, అంటే పిడుదుల్ని, ఫోర్సెప్స్‌తో ఏరి చిన్న సీసాల్లో వేసుకోవాలి. చూసేవాళ్లకు ఇదేం సైన్సు అనిపిస్తే వాళ్ల తప్పేం లేదు.

మా నాన్నకూ అలాగే అనిపించింది. "ఆవుల మీద పిడుదులు ఇక్కడ లేవట్రా? వాటికోసం అమెరికా పోవాలా?" అన్నాడు. లేకేం, బోలెడు. తెలంగాణలో వెటర్నరీ చదివేటప్పుడు జర్సీ, హెచ్‌ఎఫ్ ఆవులు జ్వరంతో, ఉబ్బిన గ్రంథులతో వచ్చేవి. చెవి నరం నుంచి రక్తం చుక్క తీసి, స్లైడ్ మీద పూసి, జీమ్సా రంగు వేసి చూస్తే ఎర్ర కణాల్లో థైలేరియా అనే పరాన్నజీవి కనపడేది. దాన్ని మోసుకొచ్చేది గోమారే. ఇక్కడ నాకు అన్నం పెడుతున్నది ఆ స్లైడ్లు చూసిన కన్నే.

ఈ రంగంలో పెద్ద పేరున్న విల్లీ బర్గ్‌డోర్ఫర్ కూడా వలస వచ్చినవాడే. స్విట్జర్లాండ్‌లో పుట్టి, బాసెల్‌లో చదువుకుని, 1951లో మోంటానా రాష్ట్రం హామిల్టన్‌లోని ల్యాబ్‌కు వచ్చాడు. అంతకు ఎంతో తర్వాత, 1975లో కనెక్టికట్‌లోని లైమ్ ఊరి చుట్టుపక్కల పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే, ఇద్దరు తల్లులు పట్టుబట్టి ఆ సంగతి డాక్టర్ల దృష్టికి తెచ్చారు. ఆ ఊరి పేరే జబ్బుకూ వచ్చింది, లైమ్ జబ్బు అని. కారణం మాత్రం కొన్నేళ్లు దొరకలేదు. 1981లో బర్గ్‌డోర్ఫర్ న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ఐలాండ్ గోమార్లను కోసి చూస్తున్నాడు. వెతుకుతున్నది వేరే జ్వరం తెచ్చే రికెట్సియా అనే బ్యాక్టీరియా కోసం. పేగులో కనపడింది మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా. అలాంటి వాటితోనే బాసెల్‌లో డాక్టరేట్ చేశాడు కాబట్టి చూడగానే పోల్చుకున్నాడు. లైమ్ జబ్బుకు కారణం అదే. దానికి ఆయన పేరే పెట్టారు, బొరీలియా బర్గ్‌డోర్ఫెరి అని.

దాన్ని మోసే ఇక్కడి నల్లకాళ్ల గోమారి బతికేది సుమారు రెండేళ్లు. దశ మారాలంటే ఒకసారి రక్తం తాగాలి. గుడ్డులోంచి వచ్చినప్పుడు దానిలో బొరీలియా ఉండదు. ఎక్కువగా తెల్లకాళ్ల ఎలుక నుంచి ఎక్కించుకుంటుంది. మరుసటి ఏడు గసగసాల గింజంత నింఫ్ (ఇంకా పూర్తిగా ఎదగని దశ) అయి, మే నుంచి జులై దాకా మనుషుల్ని పట్టుకుంటుంది. లాలాజలంలో నొప్పి తెలియనివ్వని పదార్థాలు, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు ఉంటాయి కాబట్టి కుట్టిన సంగతే తెలియదు. మనకున్న అదృష్టమల్లా దాని నిదానమే. బొరీలియా మన ఒంట్లోకి రావడానికి సాధారణంగా ఒక రోజుకు పైనే పడుతుంది. రోజూ సాయంత్రం వెతికి తీసేస్తే చాలావరకు టెన్షన్ లేదు. ఇదే గోమారి మోసే పొవాసాన్ అనే వైరస్‌కు మాత్రం ఈ లెక్క పనిచేయదు, పావుగంటలోనే ఎక్కేయగలదు.

మనవాళ్లు ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తారు, స్కూలు రేటింగ్ చూస్తారు, వెనక అడవి ఉంటే మురిసిపోతారు. ఒకప్పుడు అవన్నీ పొలాలు. సేద్యం మానేశాక చెట్లు పెరిగి, జింకలు తిరిగొచ్చి, వాటి మధ్యకే కాలనీలు వచ్చాయి. అందుకే వేసవిలో నాకు ఫోన్లు. "అన్నయ్యా, బాబు మెడ మీద ఏదో కరుచుకుని ఉంది, కొబ్బరినూనె రాయనా?" వద్దమ్మా! నూనె వద్దు, అగ్గిపుల్ల వద్దు. సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగు. బట్టలు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పు. మూడు రోజులు దాటకముందే డాక్టర్‌కు చూపించు, అవసరమైతే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు.

లైమ్ అంటే భయపడని పెద్దమనుషులు కూడా లోన్ స్టార్ అనే ఇంకో రకం గోమారి పేరు చెబితే వింటారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువ, ఇప్పుడు కనెక్టికట్ తీరానికీ వచ్చింది. అది కుడితే కొందరికి మేక, ఆవు లాంటి జంతువుల మాంసంలో ఉండే ఆల్ఫా గాల్ అనే చక్కెర పడకుండా పోతుంది. మటన్ తిన్న కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి ఒళ్లంతా దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. మొన్న ఒక పెళ్లిరోజు పార్టీలో ఇదే చెబుతుంటే, ఎదురుగా ఉన్నాయన ప్లేటు పక్కన పెట్టి "చికెన్‌కి ఫర్వాలేదుగా?" అన్నాడు. ఫర్వాలేదండీ, చేపలకీ ఫర్వాలేదు. మిగతా సాయంత్రమంతా ఆయన పిల్లల్ని పెరట్లో గడ్డి దాటి పోనివ్వలేదు.