తాత రేడియోలో టల్లీ దొర

విశాఖ మహారాణిపేటలో మా తాత ఉన్న ఇల్లు పోయిన నెల ఖాళీ చేశాం, అటక మీంచి పాత మర్ఫీ రేడియో దిగింది. ముల్లు కదలట్లేదు, బ్యాటరీలు కారిపోయి వెనకాలంతా పచ్చగా పేరుకుపోయింది. దీనికోసమే తాత డాబా మీద ఆ కొస నుంచి ఈ కొసకి ఏరియల్ తీగ లాగాడు, సముద్రపు గాలికి చిలుం పట్టేస్తోందని మాటిమాటికీ గోకి శుభ్రం చేసేవాడు.

పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు తాత. రాత్రి భోజనాలయ్యాక బీబీసీ పెట్టేవాడు, షార్ట్‌వేవ్ కదా, గొంతు దగ్గరకొచ్చి మళ్ళీ దూరం పోయేది. బీబీసీకి తెలుగు వచ్చింది 2017లో, అప్పుడంతా ఇంగ్లీషే, నాకు సగం ఎక్కేది కాదు. చివర్లో బీబీసీ ఢిల్లీ విలేకరి మార్క్ టల్లీ అని పేరు వినపడితే మాత్రం తాత తలూపేవాడు, గుమ్మంలోకి చుట్టమెవరో వచ్చినట్టు. ‘టల్లీ దొర’ అనేవాడు.

1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించేసి మళ్ళీ సెప్టెంబరులో కూర్చోబెట్టేదాకా ఆ నెల రోజులూ మా ఇంట్లో రేడియో ఆరలేదు, ముందు ఆకాశవాణి, తర్వాత బీబీసీ. “మనోడు చెప్పింది విని ఊరుకోకూడదురా, పక్కోడేటంటన్నాడో కూడా వినాల” అనేవాడు. ఇంకో నెలన్నరకి అక్టోబరు 31. స్కూలు మధ్యలో వదిలేశారు, ఇంటికొస్తే అరుగు నిండా జనం, ఇందిరాగాంధీ పోయిందని బీబీసీ చెప్పేసింది, ఆకాశవాణి ఆ మాట చెప్పింది సాయంత్రానికి. బెంగాల్లో ఉన్న రాజీవ్‌గాంధీ కూడా బీబీసీ వినే రూఢి చేసుకున్నాడట. “టల్లీ దొర చెప్పాడు” అని తాత చచ్చేదాకా చెప్పాడు గానీ, నేను పెద్దయ్యాక చదివితే ఆ వార్త పట్టింది టల్లీ కాదు, ఆయనతో పనిచేసే సతీశ్ జాకబ్. తాతకి చెప్పాను. “అయితే ఏటి, ఆ ఆఫీసే కదా” అన్నాడు!

విదేశీ దొర అంటాం గానీ టల్లీ పుట్టింది 1935లో, కలకత్తాలో. మధ్యలో ఇంగ్లండు వెళ్ళి చదువుకున్నాడు, పాస్టరు అవుదామని చేరి రెండు టర్ములకే మానేశాడు, 1964లో బీబీసీలో చేరింది కూడా వార్తల్లో కాదు, ఆఫీసు పనిలో. మరుసటేడు ఢిల్లీ వచ్చాడు. ఎమర్జెన్సీలో వెళ్ళగొట్టారు, అయిపోయాక తిరిగొచ్చేశాడు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో గుంపు పట్టుకుని గదిలో పెట్టి తాళమేసింది, అదే ఏడు పద్మశ్రీ కూడా ఇచ్చారు, ఇలాంటివి మన దేశంలోనే జరుగుతాయి. 1994లో పైవాళ్ళతో పడక రాజీనామా చేశాడు, ఢిల్లీ మాత్రం వదల్లేదు.

ఇవన్నీ ఒకెత్తు, నాకు గుర్తుండిపోయింది వేరే. చిన్నప్పుడు డ్రైవర్ లెక్కపెడుతుంటే విని ఈయనా హిందీలో ఒకటీ రెండూ నేర్చుకుంటున్నాడట, ఇంగ్లీషు ఆయా చూసి ఒక్కటిచ్చిందట, అది పనోళ్ళ భాష, నీది కాదు అని. అది చదివి నేను కాసేపు కదల్లేదు. మా కాన్వెంటులో (పేరెందుకులెండి) తెలుగు మాట్లాడితే పావలా ఫైను, ఆ పావలా రోజూ తాతే ఇచ్చేవాడు, ఒక్కోసారి ముందుగానే రెండు పావలాలు ఇచ్చి “నేడు బాగా మాట్లాడు” అని పంపేవాడు. ఇటు చూస్తే తెల్లోడి పిల్లాడు హిందీ అంటే దెబ్బ, అటు చూస్తే తెలుగోడి పిల్లాడు తెలుగంటే ఫైను. టల్లీ పెద్దయ్యాక హిందీ బ్రహ్మాండంగా నేర్చుకున్నాడు, కానీ తను హిందీలో అడుగుతుంటే మనవాళ్ళు ఇంగ్లీషులో జవాబిస్తారని వాపోయేవాడు. నిజమే కదా, మొన్న బీచ్ రోడ్డులో ఓ ఫారినర్ వచ్చీరాని తెలుగులో దారి అడిగితే నేను చెప్పింది ఇంగ్లీషులోనే, తర్వాత తలుచుకుంటే సిగ్గేసింది.

రేడియోని పాత సామాన్లోడికి ఇచ్చేద్దాం అన్నాడు తమ్ముడు. ఇవ్వలేదు, బండి మీద పెట్టుకుని తెచ్చేసుకున్నాను. తీగ మాత్రం డాబా మీదే ఉండిపోయింది, కింద వాటావాళ్ళు దానిమీద బట్టలు ఆరేసుకుంటున్నారు.