పన్నెండడుగుల డిష్, ఆరు చానళ్ళు: కేబుల్ లైన్ వేసిన అనుభవం

విజయవాడ చుట్టుపక్కల 1993లో కేబుల్ టీవీ పెట్టాలంటే ముందు ఆసియాశాట్-1 ఉపగ్రహం దొరకాలి. స్టార్ చానళ్ళూ, 1992 అక్టోబరులో మొదలైన జీ టీవీ దాని మీదే వచ్చేవి. తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చింది 1995లో. అప్పటిదాకా రాత్రిపూట వీసీపీలో (వీడియో క్యాసెట్ ప్లేయర్‌లో) వేసే తెలుగు సినిమాయే మాకు దిక్కు.

డిష్ కంటే ముందు పైపు. మేడ మీద పాతే పైపు రవ్వంత ఒరిగినా తర్వాత ఏ కోణమూ కుదరదు. రసమట్టం పైపుకి ఆనించి నాలుగు వైపులా చూశాకే కాంక్రీటు పోయించాలి. డిష్ రెక్కలు బిగించాక రెండు దారాలు అంచు నుంచి అంచుకి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా లాగి కట్టేవాళ్ళం. మధ్యలో రెండూ తాకీతాకనట్టు ఉంటే డిష్ సరిగా ఉన్నట్టు. ఎడం కనిపించినా, ఒకటి రెండోదాన్ని నొక్కినా డిష్ వంకరపోయిందనే. ఆ ఉపగ్రహం సిగ్నల్ వచ్చే సి-బ్యాండ్ తరంగం పొడవే సుమారు ఏడున్నర సెంటీమీటర్లు కాబట్టి అరంగుళం వంకర కూడా బొమ్మలో తెలిసిపోతుంది. జాలీ డిష్‌లకి, లారీలోంచి దించేటప్పుడే ఈ జబ్బు పట్టుకునేది.

ఆ దారాలతోనే ఫీడ్ (డిష్ ముందు కాళ్ళ మీద నిలబడి సిగ్నల్ పట్టే ముక్క) ఎత్తు కూడా తేలుతుంది. దారం నుంచి డిష్ అడుగుకి లోతు కొలిచి, వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చవేసి, లోతుకి పదహారు రెట్లతో భాగించాలి. 12 అడుగుల డిష్‌కి 2 అడుగుల లోతుంటే 144 బై 32, అంటే నాలుగున్నర అడుగులు. అమ్మినవాడు ఇచ్చిన కాళ్ళ పొడవు నమ్మితే రెండు మూడంగుళాలు తేడా వచ్చిన సందర్భాలున్నాయి.

ఆ ఉపగ్రహం 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది. విజయవాడ నుంచి చూస్తే, ఉత్తరం నుంచి లెక్కేసి దిక్కు 121, 122 డిగ్రీల మధ్య, ఎత్తు కోణం 55న్నర. దిక్సూచి డిష్ పక్కన పెట్టి చూడకూడదు, ఇనుము ముల్లుని లాగేస్తుంది. పది అడుగులు దూరంగా నిలబడి, ఎదురుగా ఏదో చెట్టో ట్యాంకో గుర్తు పెట్టుకుని డిష్‌ని అటు తిప్పాలి. రిసీవర్, చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ మేడ మీదికే మోసుకెళ్ళడం ఉత్తమం. కింద ఒకడు టీవీ చూస్తూ "వచ్చింది, పోయింది" అని అరిస్తే పైనవాడు తిప్పే పద్ధతిలో పూట గడిచిపోతుంది.

బొమ్మ దొరికాక నల్లచుక్కలు, తెల్లచుక్కలు తోకలేసుకుని మెరుస్తుంటే సిగ్నల్ ఇంకా చాలలేదన్నమాట. చుక్కలు పోయేదాకా ఎత్తు, దిక్కు, ఫీడ్ దూరం ఒకదాని తర్వాత ఒకటి సరిచేయాలి, మూడూ ఒకేసారి కాదు. చివర్లో ఫీడ్‌ని గుండ్రంగా కాస్త తిప్పి పోలరైజేషన్ (తరంగం నిలువుగా ఊగుతోందా, అడ్డంగా ఊగుతోందా అన్నది) చూసుకోవాలి. మనకి కావాల్సిన చానల్ బాగా రావడం కంటే, వేరే పోలరైజేషన్ చానల్ పూర్తిగా చచ్చిపోయే చోటు వెతకడం తేలిక.

కంట్రోల్ రూమ్‌లో ఒక్కో చానల్‌కి ఒక రిసీవర్, ఒక మాడ్యులేటర్ (ఆ బొమ్మని టీవీ పట్టే చానల్‌గా మార్చే పెట్టె). అప్పటి చవక మాడ్యులేటర్లు పక్క చానల్ మీదికి కూడా చిమ్మేవి. అందుకని ఒకటి వదిలి ఒకటి వాడేవాళ్ళం: 2, 4, తర్వాత 5, 7, 9, 11 (4కీ 5కీ మధ్య ఫ్రీక్వెన్సీలో ఎడం ఎక్కువ, కాబట్టి ఆ రెండూ పక్కపక్కన ఉన్నా ఫర్వాలేదు). పన్నెండు బటన్ల టీవీకి మేం ఇవ్వగలిగింది ఆరే. అందులోనూ ఊళ్ళో దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్ ఏ చానల్‌లో ఉండేదో దాన్ని ముట్టుకోకూడదు. గాలిలో వచ్చే బొమ్మ కేబుల్ బొమ్మ కంటే ముందే టీవీకి చేరి, ఎడమ పక్కన నీడలా జంటబొమ్మ పడేది. ఎన్ని కనెక్టర్లు మార్చినా అది పోయేది కాదు.

ఇక లైను. ఆర్‌జీ-11 అనే లావుపాటి వైరు వంద మీటర్లకి 11వ చానల్‌లో సుమారు ఆరు డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) తింటుంది, 2వ చానల్‌లో అందులో సగమే. లైను చివరి ఇళ్ళలో 2 నిగనిగలాడుతూ 11లో గింజలు పడేది ఇందుకే. దానికి పై చానళ్ళనీ కింది చానళ్ళనీ సమం చేసే ఈక్వలైజర్ కావాలి. అందరూ చేసేది మాత్రం ఇంకో బూస్టర్ తగిలించడం. గింజలు పడ్డాక బూస్టర్ పెడితే గింజలు కూడా పెద్దవవుతాయి. యాంప్లిఫైయర్‌కి మరీ ఎక్కువ ఇచ్చినా ఒక చానల్ బొమ్మ వెనకాల ఇంకో చానల్ నీడ కదులుతుంది. లెక్క సింపుల్: యాంప్లిఫైయర్ నుంచి 95 డీబీ (మైక్రోవోల్ట్ లెక్కలో) బయల్దేరితే, వంద మీటర్లు పోయాక 89. ఇరవై డీబీ ట్యాప్ (లైన్లోంచి ఇంటికి కాస్త సిగ్నల్ తీసే డబ్బా) తర్వాత 69, ఇంట్లోకి దిగే వైరు మూడు తింటే 66. టీవీకి 65, 70 మధ్య ఉంటే చాలు.

యాంప్లిఫైయర్‌కి కరెంటు దారిలో ఎవరో ఒకరి ఇంట్లోంచే. బదులుగా వాళ్ళకి కనెక్షన్ ఫ్రీ. వాళ్ళు తాళం వేసి మెయిన్ ఆపి ఊరెళ్తే ఆ ఇంటి తర్వాత వీధంతా టీవీలు చీకటే. సాయంత్రం వోల్టేజీ 160కి పడితే బొమ్మ మీద అడ్డంగా లావుపాటి పట్టీలు మెల్లగా పైకి పాకుతాయి.

వానాకాలం ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కనెక్టర్లవే. వైరు ట్యాప్‌లోకి పైనుంచి నేరుగా దిగకూడదు. కిందికి వంచి, వంపు తీసుకుని పైకెక్కాలి. అప్పుడు నీళ్ళు వంపు దగ్గర కారిపోతాయి. లేకపోతే వైరు లోపలి అల్లిక వెంట లోపలికి పాకి, రాగి పచ్చబారి, వైరు రెండు మూడు అడుగులు కోసి పారేయాల్సిందే.

మార్చి రెండో వారంలో, మళ్ళీ సెప్టెంబరు చివర్లో, ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. కొన్ని నిమిషాలు బొమ్మ గింజల్లో కలిసిపోతుంది, వరసగా మూడు నాలుగు రోజులు. డిష్‌కి మెరిసే పెయింటు వేసి ఉంటే ఆ పూట ఫీడ్ మూత కరిగిపోతుంది కూడా. మసక తెలుపే వేయాలి. ఆ సమయంలో ఫోన్లు మోగుతుంటే కంగారుపడి మేడెక్కి డిష్ కదిపినవాళ్ళకి, సూర్యుడు తప్పుకున్నాక కూడా బొమ్మ రాదు. రసమట్టం, దిక్సూచి పట్టుకుని మళ్ళీ మొదట్నుంచీ.