ఫిష్ ఫైండర్ తెరను చదవడం ఎలా నేర్చుకున్నానంటే

వేట నిషేధం రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటును గట్టెక్కించి శబ్దంతో లోతునూ చేపల్నీ కనిపెట్టి తెర మీద చూపే ఫిష్ ఫైండర్ బిగించాం. అందరి చూపూ తెర మీదే ఉంటుంది కానీ, అసలు పని చేసేది బోటు అడుగున ఉండే ట్రాన్స్‌డ్యూసర్. అందులోని సిరామిక్ పలక కరెంటు తగలగానే కంపించి నీళ్లలోకి శబ్దాన్ని పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. గాలి బుడగలు ఆ శబ్దాన్ని అడ్డుకుంటాయి కాబట్టి ప్రొపెల్లర్‌కు దూరంగా పెట్టించాం.

బోటు నీళ్లలోకి దిగాక నాన్న మొదట అడిగింది చేపల గురించి కాదు. "ఎన్ని బారలు చూపిస్తోందిరా?" అన్నాడు. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. పోయి రావడానికి సెకనులో పదో వంతు పడితే లోతు 75 మీటర్లు. ఆయన నమ్మలేదు. సీసం గుండు కట్టిన తాడు వేశాడు. తాడు లెక్కే కాస్త ఎక్కువొచ్చింది, ఎందుకంటే మిషన్ కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ కింది లోతునే. పైన మునిగి ఉన్న భాగం కొలత సెట్టింగ్స్‌లో కలిపాక రెండూ సరిపోయాయి.

చేపను పట్టించేది ఎక్కువగా దాని కడుపులోని గాలితిత్తే. నీటికీ గాలికీ అంత తేడా ఉంది గనక శబ్దం అక్కడ గట్టిగా తగిలి వెనక్కొస్తుంది. కచ్చిడి చేపకు లక్షలు పలికేది కూడా ఆ తిత్తి కోసమే! సొరచేపకు అది లేదు, కాబట్టి అంత గట్టిగా కనబడదు.

నాకు ఎక్కువ కాలం పట్టింది తెర అర్థం కావడానికే. అది సముద్రం ఫొటో కాదు. కుడి అంచు మాత్రమే ఇప్పటి సంగతి, మిగతాదంతా గడిచిపోయింది. శబ్దం గరాటులా విచ్చుకుంటూ దిగుతుంది. చేప ఆ గరాటు అంచున ఉన్నప్పుడు దూరం ఎక్కువ, నడిమికి వస్తే తక్కువ, మళ్లీ అంచుకు పోతే ఎక్కువ. అందుకే విల్లులా కనబడుతుంది. బోటూ చేపా కదలకుండా ఉంటే పొడుగాటి గీత వస్తుంది. ఆ పొడుగు చూసి పెద్ద చేప అనుకోకూడదు, మందం చూడాలి.

శబ్దం ఫ్రీక్వెన్సీ 200 కిలోహెర్ట్జ్‌లో పెడితే వివరం బాగుంటుంది, లోతు నీళ్లకు 50 మేలు.

నాన్న మాత్రం చేపల కంటే అడుగునే ఎక్కువ చూస్తాడు. బురద నేల మెత్తని గీతగా వస్తుంది. రాతి నేలకు తగిలిన శబ్దం పైకొచ్చి, మళ్లీ కిందికి పోయి వస్తే రెట్టింపు లోతులో రెండో గీత పడుతుంది. అది కనిపించిన చోట, నేల మీద ఈడ్చే ట్రాల్ వల వేయనివ్వడు.